యాప్ మారినవారి కొత్త చోటు చెప్పే ఏర్పాటు చేయండి: ట్రాయ్‌కు బహిరంగ లేఖ

భారత టెలికం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) ఛైర్మన్ గారికి, సభ్యులకు,

ఇంటర్నెట్ కాల్ సేవ ఒకటి మానేసి మరొకటి పట్టుకోవాలనుకునే మామూలు మనిషికి మన దేశంలో ఏ రక్షణా లేదు. మొబైల్ కంపెనీ మారే మనిషికి ఉంది. అది మీరు కల్పించిందే. ఆ రక్షణను ఇంటర్నెట్ కాల్స్‌కు కూడా విస్తరించమని, ముందుగా ఒక చిన్న ఏర్పాటుతో మొదలుపెట్టమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఒక మనిషి యాప్ మారాక ఎవరైనా పాత యాప్‌లో ఆ మనిషి కోసం ప్రయత్నిస్తే, వారు అక్కడ లేరని, ఇప్పుడు ఫలానా చోట ఉన్నారని తెలియాలి. నా మొదటి కోరిక ఇంతే.

నేను విశాఖపట్నంలో టెలిఫోన్ శాఖలో చేరి, 2000 అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ ఏర్పడ్డాక అందులోనే కొనసాగి పదవీ విరమణ చేసినవాడిని. ఎక్స్ఛేంజీలో పనిచేసినవారికి కొన్ని సంగతులు ఒంటపట్టిపోతాయి. చందాదారుడు ఇల్లు మారి వేరే ఎక్స్ఛేంజీ పరిధిలోకి వెళ్తే నంబరు మారేది. పాత నంబరుకు ఎవరైనా డయల్ చేస్తే ఆ నంబరు మారిందని, కొత్త నంబరు ఫలానా అని రికార్డు చేసిన గొంతు చెప్పే సదుపాయం ఉండేది. 0891 పరిధిలో ఆరంకెల నంబర్ల ముందు 2 చేర్చి ఏడంకెలు చేసినప్పుడు కూడా, పాత అలవాటుతో డయల్ చేసినవారికి ఆ మార్పు చెప్పాల్సిన బాధ్యత మాదేనని అనుకున్నాం. అందులో గొప్ప సాంకేతికత ఏమీ లేదు. వెతుక్కుంటూ వచ్చిన మనిషిని గుమ్మం దగ్గర నిలబెట్టకూడదన్న మర్యాద ఉంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవారి గురించి పక్కింటివాళ్లైనా చెబుతారు కదా. ప్రపంచంలోకెల్లా ధనికమైన కంపెనీలు నడుపుతున్న కాల్ సేవల్లో ఇవాళ ఆ పాటి మర్యాద లేదు.

2025 మే 5న స్కైప్ మూతపడింది. 2003 ఆగస్టులో మొదలైన సేవ అది. 2005లో ఈబే కొన్నది, 2011లో 850 కోట్ల డాలర్లకు మైక్రోసాఫ్ట్ కొన్నది. ద్వారకానగర్ నెట్ సెంటర్లలో హెడ్‌ఫోన్ తగిలించుకుని, గంటకింత అని కట్టి, అమెరికాలో ఉన్న కొడుకు ముఖం తెరమీద ముక్కలు ముక్కలుగా కదులుతుంటే అలాగే చూస్తూ కూర్చున్న తల్లిదండ్రుల తరం విశాఖలో ఇంకా ఉంది. వాళ్లకు దూరదేశంలో ఉన్న బిడ్డను మొదటిసారి చూపించిన సేవల్లో స్కైప్ ఒకటి. మూసేస్తున్నామని ఫిబ్రవరి 28న ప్రకటించారు. అంటే రెండు నెలల పైచిలుకు గడువు. అదే ఖాతాతో తన మరో సేవ అయిన టీమ్స్‌లోకి వెళ్లవచ్చని, పరిచయాలూ సంభాషణలూ అక్కడికి వస్తాయని కంపెనీ చెప్పింది. అంతవరకు మంచి పనే. కానీ ఆ దారి కంపెనీ తన మరో ఇంటికి వేసుకున్న దారి. అక్కడికి కాకుండా వేరే సంస్థ సేవకు వెళ్లాలనుకున్నవారు తమ సమాచారాన్ని ఫైలుగా దించుకుని వెళ్లిపోవాలి. వాళ్లు ఎటు వెళ్లారో మిగతావారికి చెప్పే నాథుడు లేడు.

ఇది ఒక్క సేవ కథ కాదు. ఇదే కంపెనీ 2013లో తన మెసెంజర్‌ను ఆపి, అందులో ఉన్నవారిని స్కైప్‌కు తరలించింది. పన్నెండేళ్లు తిరిగేసరికి ఆ స్కైప్ నుంచి మళ్లీ తరలింపు. గూగుల్ 2005లో టాక్ తెచ్చింది, 2013లో హ్యాంగౌట్స్ తెచ్చింది, 2016లో డ్యువో తెచ్చింది. 2022లో డ్యువోను మీట్‌లో కలిపేసింది, అదే ఏడాది హ్యాంగౌట్స్‌ను ఆపేసింది. యాహూ మెసెంజర్ 2018 జులైలో పోయింది. వ్యాపారం అన్నాక సేవలు పుడతాయి, పోతాయి. దాన్ని నేను తప్పు పట్టడం లేదు. ఒక సేవ పోయిన ప్రతిసారీ కోట్లాది కుటుంబాలు తమ మనుషులను మళ్లీ మొదటి నుంచి వెతికి పోగుచేసుకోవలసి వస్తోంది. ఆ భారం పూర్తిగా వాడుకరి నెత్తినే పడుతోంది. నా అభ్యంతరం అది.

ఎంవీపీ కాలనీలో మా ఇంటికి దగ్గరలో ఒక పిన్నిగారు ఉన్నారు. ఎనభై దాటిన మనిషి. ఒంటరిగా ఉంటారు. పిల్లలు తలో దేశంలో ఉన్నారు. ఆవిడ వంటగది తలుపు పక్కన గోడకు క్యాలెండర్ ఉంటుంది. అయిపోయిన నెల కాగితం వెనక్కి తిప్పి, దాని మీద స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాయించుకున్నారు. ‘పెద్దవాడు, ఆకుపచ్చ గుర్తు, రాత్రి తొమ్మిది తరువాత. అమ్మాయి, నీలం గుర్తు, ఆదివారం పొద్దున. చిన్నవాడు, ఓడ మీద, వాడే చేస్తాడు. మనవడు, దుబాయి, నీలంలోనే ఇంకొకటి.’ అక్షరం చదవగలరు కాని ఆంగ్లం రాదు, అందుకని గుర్తుల రంగులే ఆవిడకు ఆధారం. రెండు నీలాల మధ్య తేడా తెలియడానికి ఒకదాని పక్కన చిన్న నక్షత్రం గీయించుకున్నారు.

ఆ అమ్మాయి ఒకసారి సేవ మార్చింది. పాత యాప్ తన సమాచారాన్ని ఎవరెవరికి ఇస్తోందోనన్న అనుమానంతో, ఆలోచించుకునే మార్చింది. మారేముందు అందరికీ సందేశం పెట్టింది. ఆ సందేశం వాళ్లమ్మగారి ఫోనులోకీ వచ్చింది, ఆంగ్లంలో, మిగతా సందేశాల అడుగున పడిపోయింది. పిన్నిగారు ఆదివారం నీలం గుర్తు నొక్కారు. తెర మీద కూతురి ఫోటో వచ్చింది. కాల్ వెళ్తున్నట్టే కనిపించింది. అవతల ఎవరూ ఎత్తలేదు. ఆ మరుసటి వారమూ అంతే. మధ్యలో కూతురు ఇంకో చోటి నుంచి చేసిన కాల్ ఈ ఫోనులో మోగనే లేదు, ఎందుకంటే ఆ యాప్ ఇందులో లేదు. నన్ను పిలిచి, “నాయనా, ఫోను పాడైందేమో చూడు, లేకపోతే దానికి నా మీద కోపం వచ్చినట్టుంది” అన్నారు. ఫోను బాగానే ఉంది. కూతురికి కోపమూ లేదు. అక్కడ ఆమె లేదన్న ఒక్క ముక్కను ఆ యాప్ తెలుగులో చెప్పి ఉంటే ఆ తల్లి అన్ని రోజులు కుమిలిపోయేది కాదు. చెప్పలేక కాదు, చెప్పాలన్న నిబంధన లేక.

కూతురి ఖాతా అక్కడ లేదన్న విషయం ఆ సేవకు తెలుసు. ఖాతా మూసినరోజే వారి కంప్యూటర్‌లో ఆ సంగతి నమోదై ఉంటుంది. తెలిసిన సంగతిని అడిగినవారికి చెప్పడానికి కొత్త యంత్రం అక్కర్లేదు.

మా ఊరి సంగతి మీకు కొంత వివరంగా చెప్పాలి. నౌకాశ్రయం, నౌకా నిర్మాణ కేంద్రం, ఉక్కు కర్మాగారం, నౌకాదళం ఉన్న ఊరు ఇది. ఉక్కునగరం క్వార్టర్లలో పెరిగిన పిల్లలు ఇవాళ అన్ని ఖండాల్లో ఉన్నారు. వాణిజ్య నౌకల మీద పనిచేసేవారి కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. ఓడ మీద ఉపగ్రహం ద్వారా వచ్చే ఇంటర్నెట్‌ను చాలా చోట్ల కొలిచి ఇస్తారు, మాట్లాడడానికి ఏ యాప్ పనిచేస్తే అదే దిక్కు. ఇంట్లోవాళ్లు కూడా దానికే మారాలి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి గాజువాక వచ్చి వెల్డింగ్, పైపు ఫిట్టింగ్ నేర్చుకుని గల్ఫ్‌కు వెళ్లే కుర్రాళ్లున్నారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో దిగగానే వాట్సాప్‌లో సందేశం వెళ్తుంది కాని కాల్ వెళ్లదు. అక్కడి ప్రభుత్వం అనుమతించిన బోటిమ్ వంటి యాప్‌లు పెట్టుకోవాలి. అంటే ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఫోనులోనూ, భార్య ఫోనులోనూ ఎవరో ఒకరు వచ్చి అది ఎక్కించి చూపించాలి. కాంట్రాక్టు ముగిసి వేరే దేశం వెళ్తే మళ్లీ ఇంకొకటి. ఆ దేశపు చట్టాన్ని మీరు మార్చలేరని నాకు తెలుసు. అయితే ఇక్కడి నుంచి ఫోన్ చేసే తల్లికి, ఆ కొడుకు ఇప్పుడు ఏ సేవలో దొరుకుతాడో చూపించమని ఇక్కడ వ్యాపారం చేస్తున్న కంపెనీలను అడగవచ్చు.

చెవులు వినిపించనివారి మాట కూడా ఇక్కడే చెప్పాలి. మనలాంటివారికి వీడియో లేకపోతే మాట మిగులుతుంది. సైగలతో మాట్లాడుకునేవారికి వీడియో కాలే టెలిఫోను. వాళ్ల బృందం ఒక సేవ నుంచి మరొకదానికి మారేటప్పుడు వెనక పడిపోయిన ఒక్కరికి మామూలు ఫోన్ చేసి చెప్పే వీలు కూడా ఉండదు.

‘అందరూ వాట్సాప్‌లోనే ఉన్నారు, ఇక మారే అవసరమేముంది’ అనేవారు ఉన్నారు. మన దేశంలో దానికి 50 కోట్లకు పైగా వాడుకరులున్నారని అంటారు. నిజమే, అందుకే భయం. 2021 జనవరిలో ఆ సంస్థ గోప్యతా విధానం మార్చినప్పుడు ఎందరో సిగ్నల్, టెలిగ్రామ్ ఎక్కించుకున్నారు. మా కాలనీ పెద్దల్లోనే చాలామంది ఎక్కించుకుని, నెల తిరగకుండా వెనక్కి వచ్చారు. కొత్త చోట వాళ్ల మనవళ్లు లేరు, డాక్టరు లేడు, అపార్ట్‌మెంట్ సంఘం లేదు. ఆ విధానం విషయంలో కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో వాట్సాప్ యజమాని మెటా మీద 213 కోట్ల రూపాయల జరిమానా విధించింది. తన ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందని తేల్చింది. జరిమానా పడినా వాడుకరికి తలుపు తెరుచుకోలేదు. నచ్చక వెళ్లిపోదామనుకున్న మనిషి తన వాళ్లందరినీ వదులుకుంటే తప్ప వెళ్లలేని చోట, అతని సమ్మతికి అర్థం లేదు. 2025లో జోహో వారి అరట్టై అనే సందేశాల యాప్ మీద జనం ఒక్కసారిగా ఎగబడ్డారు. అది నిలుస్తుందా లేదా అన్నది దాని గుణం మీద ఆధారపడాలి. మన వాళ్లు అక్కడ లేరన్న ఒక్క కారణంతో ఒక మంచి సేవ ఓడిపోతే అది న్యాయమైన పోటీ కాదు.

ఇలాంటి తలుపును మీరు ఒకసారి తెరిచి చూపించారు. మొబైల్ నంబరు మార్పిడి 2010 నవంబరులో హర్యానాలో మొదలై, 2011 జనవరి 20 నుంచి దేశమంతటా వచ్చింది. 2015 జులై నుంచి రాష్ట్రం దాటినా నంబరు మారని రోజు వచ్చింది. ఇవాళ 1900కు ఒక సందేశం పంపి, వచ్చిన కోడ్‌తో మామూలు కూలీ కూడా కంపెనీ మారుతున్నాడు. అప్పట్లో కంపెనీలు ఇది సాధ్యం కాదన్నాయి, ఖర్చన్నాయి, గందరగోళమన్నాయి. మేము లోపల ఉండి విన్న మాటలే. మీరు గట్టిగా నిలబడ్డారు, అయింది. ఒక నెట్‌వర్క్ నుంచి మరో నెట్‌వర్క్‌కు వెళ్లే కాల్‌కు కంపెనీలు ఒకదానికొకటి చెల్లించుకునే రుసుమును కూడా నిమిషానికి 14 పైసల నుంచి 6 పైసలకు తగ్గించి, 2021 జనవరి 1 నుంచి పూర్తిగా ఎత్తేశారు. ఏ సిమ్ నుంచి ఏ సిమ్‌కైనా కాల్ వెళ్లాలన్నది మీ సంస్థ నడిచిన దారి.

ఇంటర్నెట్ కాల్స్ దగ్గరకు వచ్చేసరికి ఆ దారిలో ఆగిపోయారు. 2018 నవంబరులో మీరు విడుదల చేసిన సంప్రదింపుల పత్రంలో, ఈ సేవల మధ్య పరస్పర అనుసంధానం ఉండాలా అని మీరే అడిగారు. సరైన ప్రశ్న. 2020 సెప్టెంబరు సిఫారసుల్లో మాత్రం ప్రస్తుతానికి నియంత్రణ జోక్యం అక్కర్లేదు, మార్కెట్ శక్తులకే వదిలేయవచ్చు అన్నారు. ఆ తరువాత మార్కెట్ ఏం చేసిందో పైన రాశాను. ఒక సేవను మరొక సేవలో కలిపింది, ఒకదాన్ని మూసింది, మిగిలినదాన్ని వదల్లేనంత పెద్దది చేసింది. అనుసంధానం మాత్రం తీసుకురాలేదు. తీసుకురాదు కూడా. గోడ ఉండడం వల్లే లాభం పొందుతున్నవాడు తనంతట తాను గోడ తీయడు.

సాంకేతికంగా కుదరదన్న మాట మీ ముందుకు వస్తుంది కనుక ఆ సంగతి కొంచెం విప్పి చెబుతాను, ఎందుకంటే అందులో నిజం కన్నా బెదిరింపు ఎక్కువ. ఇంటర్నెట్ కాల్‌లో మూడు పనులుంటాయి. గొంతును అంకెలుగా మార్చి చిన్న ముక్కలుగా పంపడం ఒకటి. కాల్ మొదలుపెట్టడం, మోగించడం, ముగించడం రెండోది. ఫలానా మనిషి ఇప్పుడు ఏ పరికరంలో ఉన్నాడో కనుక్కోవడం మూడోది. మొదటి పనికి 2012లో ఓపస్ అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది. దానిలో సగం స్కైప్ తయారుచేసిన సిల్క్ అనే పద్ధతి నుంచే వచ్చింది. స్కైప్ మూతపడినా దాని గొంతు ఇవాళ ఎన్నో సేవల్లో వినిపిస్తూనే ఉంది. రెండో పనికి సిప్ అనే ప్రమాణం 1999 నుంచే ఉంది, ఆఫీసుల ఇంటర్నెట్ ఫోన్లు దాని మీదే నడుస్తున్నాయి. అందువల్లే ఒక కంపెనీ ఫోను పరికరాన్ని మరో కంపెనీ సేవకు తగిలించుకుంటే పనిచేస్తోంది. తాళం వేసి ఉన్నది మూడో దానికి. మనిషి ఎక్కడున్నాడన్న చిట్టా ప్రతి కంపెనీ తన పెట్టెలో దాచుకుంది. నేను అడుగుతున్న ‘వీరు మారారు’ అన్న ప్రకటన ఆ పెట్టెకు ఒక చిన్న కిటికీ మాత్రమే. మిగతావి తరువాత.

తరువాతివి కూడా గాలిలో మేడలు కావు. యూరోపియన్ యూనియన్ తన డిజిటల్ మార్కెట్ల చట్టంలోని 7వ అధికరణంలో, పెద్ద సందేశ సేవలు చిన్న సేవలకు తలుపు తెరవాలని శాసించింది. 2023 సెప్టెంబరులో వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్ ఆ పెద్ద సేవల జాబితాలోకి వచ్చాయి. ముందు ఇద్దరి మధ్య సందేశాలు, రెండేళ్లలో బృంద సందేశాలు, నాలుగేళ్లలో వాయిస్, వీడియో కాల్స్. ఆ లెక్కన 2027 నాటికి అక్కడ ఒక సేవ నుంచి మరో సేవకు కాల్ వెళ్లాలి. అక్కడి పౌరుడికి ఇవ్వవలసి వచ్చిన సౌకర్యాన్ని, అంతకన్నా ఎక్కువమంది వాడుకరులున్న మన దేశానికి ఇవ్వబోమని మెటా ఏ ముఖంతో అంటుంది? మనం అడగకపోతే మాత్రం ఇవ్వదు.

రహస్యం పోతుందన్న ఆందోళన న్యాయమైనది. ఇద్దరి మాట మూడోవాడికి వినపడని భద్రత ఇవాళ చాలా సేవల్లో ఉంది, అది ఒక్క నూలుపోగంత కూడా సడలకూడదు. యూరప్ చట్టం కూడా అదే స్థాయి భద్రత నిలవాలని షరతు పెట్టింది. బృందాల మధ్య రహస్య సంభాషణ కోసం 2023లో ఉమ్మడి ప్రమాణం ఒకటి వచ్చింది. ఇక అనవసరపు కాల్స్ పెరుగుతాయన్న అభ్యంతరం ఒకటి ఉంది. దీనికి విరుగుడు వాడుకరి సమ్మతి. వేరే సేవల నుంచి కాల్స్ రావాలా వద్దా అన్నది నేనే తేల్చుకునేలా ఉండాలి. నేను మారిన చోటు ఎవరికి చెప్పాలన్నదీ నా ఇష్టమే. భర్త వేధింపులు భరించలేక నంబరు మార్చుకున్న స్త్రీ కొత్త చోటును ఏ యాప్ కూడా ఆమె అనుమతి లేకుండా చెప్పకూడదు. నేను పనిచేసిన రోజుల్లో కూడా కొత్త నంబరు చెప్పవద్దని కోరినవారుండేవారు, ఆ కోరికకు కారణం అడిగేవాళ్లం కాదు. అలాంటప్పుడు ‘వీరు ఈ సేవలో లేరు’ అని మాత్రం చెప్పినా చాలు. పిన్నిగారికి ఆ ముక్క చాలు.

ఇంకా కొన్ని అడగవలసినవి ఉన్నాయి. సేవను మూసేసే కంపెనీ కనీసం ఆరు నెలల ముందు చెప్పాలి, అది కూడా వాడుకరి ఫోను భాషలో. ముందే కట్టించుకున్న డబ్బు మిగిలి ఉంటే దాన్ని వాడుకోమని కొత్త చోటు చూపించడం కాకుండా, అడిగినవారికి తిరిగి ఇవ్వాలి. స్కైప్ 2014 నవంబరు 10 నుంచి మన దేశం లోపల ల్యాండ్‌లైన్లకు, మొబైళ్లకు చేసే కాల్స్‌ను ఆపేసింది. ఇలాంటి మార్పులు వచ్చినప్పుడు డబ్బు కట్టి వాడుకుంటున్నవారికి ఏ హక్కులున్నాయో రాసి ఉన్న పత్రం ఒక్కటీ లేదు. పరిచయాల జాబితాను మరో సేవ చదవగలిగే రూపంలో ఇవ్వాలి. ఇప్పుడిస్తున్న ఫైళ్లను తెరవడానికి కంప్యూటర్ చదువుకున్న కుర్రాడు కావాలి.

ఇందులో మోసగాళ్ల కోణాన్ని మీరు తేలిగ్గా తీసుకోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. వీడియో కాల్‌లో పోలీసు వేషంతో కనిపించి ‘డిజిటల్ అరెస్ట్’ పేరుతో వృద్ధులను గంటల తరబడి బంధించి దోచుకున్న ముఠాల గురించి దేశమంతా విన్నది. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి స్వయంగా హెచ్చరించారు. ఒక సేవ మూతపడుతోందన్న వార్త వచ్చిందంటే ఈ ముఠాలకు అదే అదను. ‘మీ పాత యాప్ ఆగిపోతోంది, ఈ లింకు నొక్కి కొత్తది ఎక్కించుకోండి’ అన్న సందేశం నిజమైనదో దొంగదో ఎనభై ఏళ్ల మనిషి ఎలా తేల్చుకోవాలి? నిజమైన నోటీసు ఎక్కడి నుంచి, ఏ రూపంలో వస్తుందో మీరు ఒక పద్ధతి పెట్టండి. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయడం డబ్బు పోయాక చేసే పని. పోకముందు చేయగలిగింది మీ చేతిలో ఉంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడ్డప్పుడు మేము విధుల్లో ఉన్నాం. టవర్లు కూలాయి, కరెంటు పోయింది, తీగలు తెగి రోడ్ల మీద పడ్డాయి. ఊరంతా రోజుల తరబడి బయటి ప్రపంచానికి అందకుండా పోయింది. ఆ రోజుల్లో ఎక్కడ ఒక్క ఫోను పలికినా దాని ముందు జనం నిలబడేవారు. అది ఏ కంపెనీదని ఎవరూ అడగలేదు. ఆ ఒక్క ఫోను నుంచి హైదరాబాదుకు చేశారు, బెంగళూరుకు చేశారు, అమెరికాకు చేశారు. ఎందుకంటే ఒక నెట్‌వర్క్ ఇంకో నెట్‌వర్క్‌కు కాల్ అందించాలన్నది టెలిఫోను పుట్టకముందే, 1865లో ఇరవై దేశాలు పారిస్‌లో కూర్చుని తంతి కోసం కుదుర్చుకున్న ఒప్పందపు స్ఫూర్తి. ఇవాళ అలాంటి తుపాను వచ్చి, పక్కింటి ఫైబర్ ఒక్కటే బతికి ఉండి, ఆ ఇంటివారి ఫోనులో మీ అబ్బాయి వాడే యాప్ లేకపోతే? అతని మొబైల్ నంబరు గుర్తుంటే సరే. ఎక్కువమందికి ఇప్పుడు పిల్లల నంబర్లు నోటికి రావు, గుర్తులు మాత్రమే తెలుసు. తుపాన్ల తీరంలో ఉన్నవారికి ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం.

విశాఖలో గూగుల్ డేటా కేంద్రం గురించి 2025 అక్టోబరు 14న ప్రకటన వచ్చింది. అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి అన్నారు, సముద్రం అడుగున వేసే అంతర్జాతీయ కేబుళ్లు మా తీరాన ఒడ్డెక్కుతాయన్నారు. ఊరివాడిగా సంతోషించాను. తీగలు ఎన్ని వచ్చినా, వాటి మీద నడిచే సేవలు ఒకదాని మనుషులను మరొకదానికి అందనివ్వకపోతే ఆ తీగల ప్రయోజనం మా ఇళ్లకు సగమే చేరుతుంది.

1997 నాటి ట్రాయ్ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం అడగకపోయినా మీ అంతట మీరు సిఫారసు చేయవచ్చు. ఈ సేవలు 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం పరిధిలోకి వస్తాయా రావా అన్న వాదన ఎలా తేలినా, సిఫారసు చేయడానికి అది అడ్డం కాదు. ఇంటర్నెట్ కాల్ సేవల మధ్య మార్పిడి మీద విడిగా ఒక సంప్రదింపుల పత్రం విడుదల చేయండి. గతంలో ఇది ఇతర ప్రశ్నల మధ్య ఒక ప్రశ్నగా నలిగిపోయింది. ఈసారి దీనికే ఒక పత్రం కావాలి. ఆ పత్రాన్ని తెలుగులో కూడా ఉంచండి. దాని మీద పెట్టే బహిరంగ చర్చల్లో ఒకదాన్ని విశాఖపట్నంలో పెట్టండి. నావికుల కుటుంబాలు, గల్ఫ్‌కు మనుషులను పంపిన ఇళ్లవారు, వృద్ధుల సంఘాలు, బధిరుల సంఘాలు వచ్చి తమ మాట చెబుతాయి. వాళ్లను కూడగట్టే పని, కుర్చీలు వేసే పనితో సహా, మా రిటైర్డ్ టెలికం ఉద్యోగులం చూసుకుంటాం. తేదీ మీరు చెప్పండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం